దుప్పి రైఫిల్‌ను ఎంచింది ఎవరు? ఇషాపూర్ .315 చెప్పే లెక్క

కోల్‌కతా నడిబొడ్డు నుంచి హుగ్లీ వెంట ఉత్తరానికి వెళ్తే ముప్పై కిలోమీటర్ల లోపే ఇషాపూర్ వస్తుంది. దారిలో కాశీపూర్ తగులుతుంది, కాస్త పక్కకు జరిగితే దమ్‌దమ్. కాశీపూర్‌లో ఫిరంగి బండ్ల కర్మాగారం 1802 మార్చి 18న పని మొదలుపెట్టింది. దేశంలో ఆయుధ కర్మాగారాల దినోత్సవం జరిపేది ఆ తేదీనే. ఇషాపూర్‌లో 18వ శతాబ్దం చివర్లో తుపాకి మందు ఫ్యాక్టరీ పెట్టారు. ఆ స్థలంలోనే 1904లో రైఫిల్ ఫ్యాక్టరీ వచ్చింది. దమ్‌దమ్ అనగానే ఇప్పుడు విమానాశ్రయం గుర్తొస్తుంది కానీ, ఆ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది అక్కడ తయారైన ఒక బుల్లెట్ వల్ల. ఇక నగరం మధ్యలో మాంటన్, రోడ్డా, ఎన్.సి. దా వంటి తుపాకుల దుకాణాలు.

రైఫిల్, బుల్లెట్, వాటిని అమ్మే అంగడి మూడూ ఒకే నగరం చుట్టూ ఉన్నాయి. దుప్పిని బాధ పెట్టకుండా ఒక్క దెబ్బతో పడగొట్టే రైఫిల్ ఏదో తేల్చుకోవడానికి దేశంలో ఇంతకంటే అనువైన చోటు ఉండకూడదు. అయినా భారతీయ వేటగాడి చేతికి ఎక్కువగా చేరింది ఆ పనికి అన్నింటికంటే తగిన రైఫిల్ కాదు. సర్కారు ఉంచుకోగా మిగిలిన రైఫిల్. అలా ఎందుకు జరిగిందో చూస్తే, మంచి రైఫిల్‌లో ఏం చూడాలో కూడా తెలుస్తుంది.

ముందుగా చట్టం సంగతి. భారతదేశంలో జింక జాతి దేన్ని వేటాడినా నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనే వేట పూర్తిగా ఆగిందని చాలామంది అనుకుంటారు. ఆ చట్టం మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్స్ పద్ధతిని ఉంచింది. దాన్ని తీసేసి సంపూర్ణ నిషేధం తెచ్చింది 1991 సవరణ. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల దుప్పి, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. కృష్ణజింకను చంపితే ఏమవుతుందో 1998లో జోధ్‌పూర్ దగ్గర జరిగిన ఘటన, 2018లో ఒక సినీ నటుడికి పడిన ఐదేళ్ల శిక్ష దేశమంతటికీ చెప్పాయి. కాబట్టి ఈ వివరాలు ఇవాళ పనికొచ్చేది తాతల నాటి రైఫిల్‌ను లైసెన్స్‌తో ఉంచుకున్న కుటుంబాలకు, పంటల మీద పడే జంతువుల విషయంలో నిర్ణయాలు తీసుకునే అధికారులకు, వేట చట్టబద్ధంగా ఉన్న దేశాల్లో స్థిరపడిన తెలుగువారికి.

సర్కారు భయం నుంచి పుట్టిన తూటా

తెలుగులో తూటా అన్న ఒక్క మాటనే రెండు వస్తువులకూ వాడేస్తాం. ఇత్తడి గుల్ల, అందులో మందు, కింద క్యాప్, మూతి దగ్గర బుల్లెట్ కలిస్తే ఒక కార్ట్రిడ్జ్. గొట్టంలోంచి బయటికి దూసుకెళ్లేది బుల్లెట్ మాత్రమే. ఈ వ్యాసంలో తూటా అంటే కార్ట్రిడ్జ్.

బ్రిటిష్ పాలకులకు ఒక భయం ఎప్పుడూ ఉండేది. సైన్యం వాడే తూటా పౌరుడి తుపాకిలో కూడా పడితే, దొంగిలించిన సైనిక తూటాలన్నీ తిరుగుబాటుదారులకు అక్కరకొస్తాయి. 1907 ప్రాంతంలో .450 బోరు రైఫిళ్లను ఇండియాలో నిషేధించింది ఈ ఆలోచనతోనే. పాత మార్టినీ-హెన్రీ సైనిక రైఫిళ్లది ఆ బోరే. దాంతో లండన్ తుపాకి కంపెనీలు ఇండియా మార్కెట్ కోసమే .465, .470 వంటి కొత్త కొలతలు సృష్టించుకున్నాయి. ఏనుగులు, అడవిదున్నల వేటకు ఈనాటికీ పేరున్న ఆ బోర్లు పుట్టింది జంతువు శరీరాన్ని కొలిచి కాదు, ఒక నిషేధం సందులోంచి.

ఆ భయం ఉత్తిది కాదని కలకత్తా వీధులే చూపించాయి. 1914 ఆగస్టు 26న రోడ్డా కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 మౌజర్ పిస్తోళ్లు, 46 వేల తూటాలు బెంగాల్ విప్లవకారుల చేతికి చేరాయి. వాళ్లకు సాయపడినవాడు ఆ కంపెనీలోనే పనిచేసే శ్రీశ్ చంద్ర మిత్ర. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో బాలాసోర్ దగ్గర బాఘా జతిన్ బృందం పోలీసులతో తలపడినప్పుడు పేలింది ఆ మౌజర్లే.

సైనిక రైఫిల్ .303కు మారాక అదే కథ మళ్లీ నడిచింది. పౌరులకు .303 దక్కకుండా చేశారు. దానికి బదులుగా ముందుకు వచ్చినది .315. ఇది మొదట ఆస్ట్రియా-హంగేరీ సైన్యం 1890 ప్రాంతంలో వాడిన 8×50 మాన్‌లికర్ తూటా. అంచు ఉన్న తూటా కావడంతో .303 కోసం చేసిన లీ రైఫిల్ యంత్రాంగంలో పెద్ద మార్పులు లేకుండా ఇమిడిపోయింది. బ్రిటన్‌లో బీఎస్ఏ వంటి కంపెనీలు ఇండియా కోసం దీన్ని తయారు చేశాయి. స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్ చేసింది. భారతీయ పౌరుడికి అందుబాటులో ఉన్న బోల్ట్ రైఫిల్ అంటే దశాబ్దాలుగా ఇషాపూర్ .315 స్పోర్టింగ్ రైఫిలే. తెల్లవాళ్ల చట్టం పోయింది కానీ లెక్క పోలేదు. 1959 ఆయుధాల చట్టం కింద .303, 7.62 వంటి సైనిక బోర్లు ఇప్పటికీ నిషిద్ధ జాబితాలోనే ఉన్నాయి. ఇషాపూర్ 1960లలో సైన్యం కోసం చేసిన 7.62 బోల్ట్ రైఫిల్ విదేశాల్లో పౌరుల చేతుల్లో విరివిగా కనిపిస్తుంది, దాన్ని చేసిన దేశంలో మాత్రం పౌరుడు కొనలేడు.

కచ్చితత్వం ఎంత ఉంటే చాలు?

రైఫిల్ కచ్చితత్వాన్ని గుండ్ల గుంపు ఎంత దగ్గరగా పడిందన్న దాన్నిబట్టి కొలుస్తారు. వాడుకలో ఉన్న కొలత మినిట్ ఆఫ్ యాంగిల్. వంద మీటర్ల దూరంలో అది 2.9 సెంటీమీటర్లు, రెండు వందల మీటర్లలో దానికి రెట్టింపు. ఇవాళ సాధారణ ధరకు దొరికే ఫ్యాక్టరీ రైఫిల్ కూడా నచ్చిన తూటా దొరికితే ఒకటి, ఒకటిన్నర మినిట్ గుంపు వేస్తుంది. ప్రకటనలన్నీ ఈ అంకె చుట్టే తిరుగుతాయి.

దుప్పి వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. పక్కకు తిరిగి నిలబడ్డ మగ చుక్కల దుప్పిలో గుండె, ఊపిరితిత్తులు కలిసిన చోటు ముందు జబ్బ వెనక సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్ల మేర ఉంటుంది. రెండు మినిట్ల రైఫిల్ రెండు వందల మీటర్లలో వేసే గుంపు 12 సెంటీమీటర్లు. అంటే యంత్రం వరకు అది చాలు. అర మినిట్ రైఫిల్ కోసం రెట్టింపు డబ్బు పెట్టినంత మాత్రాన ఊపిరితిత్తులు పెద్దవి కావు.

తేడా అంతా మనిషిలో వస్తుంది. బల్ల మీద ఇసుక సంచి పెట్టి కాల్చినప్పుడు 3 సెంటీమీటర్ల గుంపు వేసిన మనిషే, మోకాలి మీద కూర్చుని ఆయాసపడుతూ కాలిస్తే 15 సెంటీమీటర్లు వేయవచ్చు. గురి తప్పి కడుపులోనో వెనక కాలులోనో తగిలిన దుప్పి అక్కడికక్కడ పడదు. కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తి, గంటల తరబడి నొప్పితో కొట్టుకుని, దొరకకుండా చస్తుంది. రైఫిల్ ఎంపికలో అసలు పణంగా ఉన్నది ఇదే. అందుకే ఎంత దూరం వరకు కాల్చాలన్న హద్దును రైఫిల్ సామర్థ్యం చూసి పెట్టుకోకూడదు. నేల మీద కూర్చుని, ఆసరా లేకుండా, ఐదుకు ఐదు గుండ్లు అన్నం పళ్లెంలో సగమంత చోట పడే దూరం ఎంతో, అదే ఆ మనిషి హద్దు. చాలామందికి అది వంద, నూటయాభై మీటర్లు దాటదు.

గుంపు కొలిచే పద్ధతిలోనూ ఒక మోసం ఉంది. మూడు గుండ్లు దగ్గరగా పడ్డ కాగితాన్ని అందరూ దాచుకుంటారు. మూడు గుండ్లు అదృష్టంతో కూడా దగ్గరగా పడతాయి. పది గుండ్ల గుంపు అబద్ధం చెప్పదు. వేటకు ఇంకో కొలత మరింత ముఖ్యం. చల్లారిన గొట్టంలోంచి వెళ్లే మొదటి గుండు ప్రతిసారీ ఒకే చోట పడుతుందా? దుప్పి రెండో గుండుకు నిలబడదు. వారం రోజుల్లో వేర్వేరు ఉదయాల్లో ఒక్కొక్క గుండు చొప్పున ఒకే కాగితం మీద కాల్చి చూస్తే ఈ సంగతి తేలుతుంది. దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు.

లీ యంత్రం, మౌజర్ యంత్రం

బోల్ట్ రైఫిల్ అంటే చేత్తో ఒక గడియను పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి వంచి తూటా ఎక్కించేది. కదిలే భాగాలు తక్కువ, తూటా గొట్టంలో ప్రతిసారీ ఒకేలా కుదురుకుంటుంది. కచ్చితత్వానికి ఇవే పునాది.

ఈ గడియల్లో రెండు పెద్ద వంశాలు కలకత్తా దుకాణాల్లో పక్కపక్కనే ఉండేవి. ఇషాపూర్ .315 లీ వంశం. గడియను బిగించి పట్టే చెవులు వెనక వైపు ఉంటాయి. ఆడించడానికి చాలా వేగం, బురద పడినా తట్టుకుంటుంది. సైనికుడికి కావలసింది అదే. అయితే తూటా పేలినప్పుడు ఆ ఒత్తిడికి గడియ పొడవునా కొద్దిగా నొక్కుకుంటుంది. కట్టె కూడా ముందొక ముక్క, వెనకొక ముక్క. 1898 మౌజర్ వంశంలో చెవులు రెండూ గడియ ముందు కొసన, తూటా అడుగుకు ఆనుకునే ఉంటాయి. కట్టె ఒకే ముక్క. పేలుడు బలం తిన్నగా ఉక్కు చట్రంలోకి వెళ్లిపోతుంది. ఇవాళ మార్కెట్‌లో ఉన్న వేట రైఫిళ్లు, వించెస్టర్ మోడల్ 70 అయినా రెమింగ్టన్ 700 అయినా తిక్కా టీ3 అయినా, ముందు చెవుల పద్ధతినే పట్టుకున్నాయి.

బెంగాల్ వాతావరణం ఇందులో ఇంకో చిక్కు పెట్టింది. వానాకాలంలో కట్టె నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. గొట్టానికి కట్టె ఒకవైపు ఒరుసుకుంటే గుండు పడే చోటు మారిపోతుంది. లీ రైఫిల్ ముందు కట్టె ఈ విషయంలో మరీ సున్నితం. ఏప్రిల్‌లో సరిచూసిన గురి సెప్టెంబర్‌లో తప్పిందంటే రైఫిల్ పాడైందని అర్థం కాదు. గొట్టానికి, కట్టెకు మధ్య పలచని కాగితం అడ్డులేకుండా జారేంత ఖాళీ ఉండాలన్న నియమం ఇందుకే వచ్చింది. ఈనాటి సింథటిక్ కట్టెలు అందంగా ఉండవు, పాతకాలం వేటగాళ్లు వాటిని ముట్టుకోవడానికి కూడా ఇష్టపడరు. కానీ కోస్తా తేమలో గురి నిలబెట్టేది అవే.

వారసత్వంగా వచ్చిన రైఫిల్ విషయంలో మొదట చూడాల్సింది గొట్టం లోపలి భాగం. పాత తూటాల క్యాపుల్లోని రసాయనం పేలాక ఉప్పులాంటి మడ్డిని వదిలేది. వేడి నీళ్లతో కడగకపోతే కోల్‌కతా గాలిలో కొద్ది రోజుల్లోనే తుప్పు పట్టేది. బయట నిగనిగలాడుతూ లోపల గరుకుదేలిన గొట్టాలు పాత రైఫిళ్లలో చాలానే ఉన్నాయి.

రెండు తూటాలు, ఒకే శక్తి

1905లో లండన్‌లోని రిగ్బీ కంపెనీ కలకత్తాలోని మాంటన్ దుకాణానికి ఒక .275 రైఫిల్ పంపింది. చంపావత్‌లో నరమాంస భక్షకి అయిన ఆడపులిని 1907లో చంపినందుకు సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ హ్యూవెట్ ఆ రైఫిల్‌ను జిమ్ కార్బెట్‌కు బహూకరించాడు. .275 రిగ్బీ అన్నది బ్రిటిష్ పేరు మాత్రమే. అసలుకు అది 1890ల నాటి జర్మన్ 7×57 మౌజర్ తూటా. రైఫిల్ కూడా మౌజర్ యంత్రమే.

ఈ తూటాను .315 పక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. .315 బుల్లెట్ బరువు 244 గ్రెయిన్లు, అంటే సుమారు 15.8 గ్రాములు. గొట్టం మూతి దగ్గర వేగం సెకనుకు సుమారు 625 మీటర్లు. .275లో 140 గ్రెయిన్ల బుల్లెట్, 9 గ్రాములు, వేగం సుమారు 810 మీటర్లు. శక్తి లెక్కగడితే మొదటిది దాదాపు 3,090 జౌళ్లు, రెండోది 2,980. కాగితం మీద రెండూ సమానం. అంగట్లో అమ్మేవాడు శక్తి అంకె మాత్రమే చెబితే కొనేవాడికి తేడా తెలియదు.

అడవిలో తేడా తెలుస్తుంది. రెండింటినీ వంద మీటర్లకు గురి సరిచేసి రెండు వందల మీటర్ల దగ్గర కాలిస్తే .315 గుండు గురిపెట్టిన చోటుకు ఒక అడుగు కింద పడుతుంది, .275 సుమారు అందులో సగం. ఒక అడుగు తేడా అంటే ఊపిరితిత్తులకు గురిపెట్టిన గుండు ముందు కాలును విరగ్గొట్టి పోవడం. దూరం అంచనాలో ముప్పై, నలభై మీటర్లు పొరపడటం ఎవరికైనా సహజం. వేగవంతమైన గుండు ఆ పొరపాటును క్షమిస్తుంది, నిదానమైన గుండు క్షమించదు. అందుకే .315ను చెడ్డ తూటా అనడం కంటే, దట్టమైన అడవిలో వంద మీటర్ల లోపు పనికొచ్చే తూటా అనడం న్యాయం. ఆ దూరంలో కణితిని కూడా అది పడగొట్టగలదు. మైదానంలో నిలబడ్డ కృష్ణజింకకు మాత్రం అది సరైనది కాదు.

స్కాట్లాండ్ చట్టం ఈ తేడాను పట్టుకుంది. అక్కడ ఎర్ర దుప్పి వంటి పెద్ద జాతులకు వాడే బుల్లెట్ మూతి వేగం సెకనుకు 2,450 అడుగులు, అంటే 746 మీటర్లకు తగ్గకూడదు. ఇంగ్లండ్ చట్టం రైఫిల్‌కు బోరు, శక్తి కనీస హద్దులు పెట్టింది. .315 ఇంగ్లండ్ హద్దును సులువుగా దాటుతుంది, స్కాట్లాండ్ హద్దు దగ్గర ఆగిపోతుంది. కొండ వాలుల మీద దూరం నుంచి కాల్చే దేశం వేగాన్ని అడగడంలో అర్థముంది.

దమ్‌దమ్ బుల్లెట్‌కు రెండో జీవితం

తూటా ఎంపికలో జనం బోరు గురించి గంటల తరబడి వాదించుకుంటారు, బుల్లెట్ గురించి ఒక్క ముక్క మాట్లాడరు. నిజానికి దుప్పిని చంపేది బోరు కాదు, బుల్లెట్ తగిలాక ప్రవర్తించే తీరు.

1895 చిత్రాల్ దండయాత్రలో .303 గుండ్లు ఎదుటివాళ్ల శరీరంలోంచి సన్నటి రంధ్రం చేసి వెళ్లిపోతున్నాయని, తగిలిన మనిషి ఆగడం లేదని బ్రిటిష్ సైన్యం ఫిర్యాదు చేసింది. దమ్‌దమ్ కార్ఖానాలో కెప్టెన్ బెర్టీ-క్లే దానికి చేసిన ఉపాయం చిన్నది. బుల్లెట్ కొసన గట్టి లోహపు తొడుగును కొద్దిగా తగ్గించి, లోపలి సీసం కనిపించేలా వదిలేశాడు. తగలగానే ఆ మెత్తటి కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. గాయం ఎంత ఘోరంగా ఉండేదంటే, 1899 హేగ్ సమావేశం ఇలాంటి బుల్లెట్లను యుద్ధంలో వాడకూడదని ప్రకటన చేసింది. బ్రిటన్ ఆ ప్రకటనకు ఒప్పుకోవడానికి 1907 దాకా ఆగింది.

మనిషి విషయంలో అమానుషమైనది జంతువు విషయంలో దయ అయింది. యుద్ధంలో గాయపడ్డవాడికి వైద్యం అందాలి, కోలుకునే అవకాశం ఉండాలి. వేటలో గాయపడ్డ జంతువుకు వైద్యుడు లేడు, త్వరగా పోవడమే దానికి మేలు. ఇంగ్లండ్ దుప్పి చట్టం మెత్తటి కొస ఉన్న లేదా కొసన బోలుగా ఉన్న బుల్లెట్‌నే వాడాలని చెబుతుంది. పూర్తి తొడుగు ఉన్న సైనిక బుల్లెట్‌తో దుప్పిని కాల్చడం అక్కడ నేరం. చౌకగా దొరికాయని మిలిటరీ మిగులు తూటాలతో వేటకు వెళ్లేవాళ్లు చేసే తప్పు ఇదే. కాగితం మీద గుంపు బాగానే పడుతుంది, దుప్పి మాత్రం సూదంత రంధ్రంతో పరుగెత్తిపోతుంది.

విచ్చుకునే బుల్లెట్‌కూ హద్దులున్నాయి. పాతరకం మెత్తటి కొస బుల్లెట్లు చాలావరకు సెకనుకు 550 మీటర్ల కంటే వేగం తగ్గితే సరిగా విచ్చుకోవు. .315 గుండు వంద మీటర్లు దాటాక కొద్ది దూరంలోనే ఆ వేగానికి దిగిపోతుంది. అంటే ఆ తూటాకు గురి హద్దు, బుల్లెట్ హద్దు రెండూ దాదాపు ఒక్కచోటే. దీనికి వ్యతిరేక దిశలో, మితిమీరిన వేగంతో దగ్గర నుంచి తగిలిన పలచటి బుల్లెట్ జబ్బ ఎముక మీదే ముక్కలై లోపలికి వెళ్లకపోవచ్చు. వేగం పెరిగే కొద్దీ తొడుగు, సీసం అతుక్కుని ఉండే గట్టి బుల్లెట్ కావాలి. పూర్తిగా రాగితో చేసినవి ఇంకో దారి. సీసపు తునకలు మాంసంలో మిగిలి మనుషులకు, కళేబరాలు తినే రాబందులకు విషమవుతున్నాయన్న కారణంతో కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి వేటలో సీసపు బుల్లెట్లను పూర్తిగా నిషేధించింది.

ఇవాళ కొనేవారికి

మగ చుక్కల దుప్పి బరువు 70 నుంచి 90 కిలోలు. అమెరికాలోని తెల్లతోక దుప్పి కూడా ఇంచుమించు ఈ వరసలోదే, చలి ప్రాంతాల్లో ఇంకా పెద్దది. కృష్ణజింక సగటున 40 కిలోల లోపు. కణితి 200 కిలోలు దాటుతుంది. మొదటి రెండింటికీ .243 వించెస్టర్, 6.5 క్రీడ్‌మూర్, 7×57, .270, .308లలో ఏదైనా సరిపోతుంది. వీటి మధ్య తేడాల మీద పుస్తకాలు రాసేంత వాదన ఉంది, దుప్పి చర్మం మీద అంత తేడా లేదు. కొత్తగా నేర్చుకునేవారికి .243 లేదా 6.5 క్రీడ్‌మూర్ మంచివి. కారణం కచ్చితత్వం కంటే భుజం. .30-06 వెనక్కి తన్నే బలంలో .243ది దాదాపు సగమే. తన్నుకు భయపడి ట్రిగ్గర్ లాగే క్షణంలో కళ్లు మూసుకునే మనిషి చేతిలో అతి ఖరీదైన రైఫిల్ కూడా ఆరు మినిట్ల రైఫిలే. కణితి, అమెరికన్ ఎల్క్ స్థాయి జంతువు ఉన్నచోట .30-06, .308ల బరువైన బుల్లెట్లకు అర్థముంది.

డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు చాలామంది ఇచ్చే సమాధానం రైఫిల్. అది తలకిందుల లెక్క. రూగర్ అమెరికన్, సావేజ్ వంటి చౌక రైఫిళ్లు కూడా దుప్పికి చాలినంత కచ్చితంగా కాలుస్తాయి. మిగిలిన డబ్బు టెలిస్కోప్ మీద, దాన్ని పట్టి ఉంచే బిగింపుల మీద, అంతకంటే ఎక్కువ తూటాల మీద ఖర్చు కావాలి. నాలుగైదు రకాల తూటాలు తెచ్చి ఆ గొట్టానికి ఏది నచ్చుతుందో చూడటం, తర్వాత దానితోనే రెండు మూడు వందలు కాల్చడం వల్ల వచ్చే గురి ఏ బ్రాండూ ఇవ్వదు. ట్రిగ్గర్ శుభ్రంగా, గరగరలాడకుండా విడిపోవాలి. పెట్టెలో చూసుకోవలసిన పెద్ద లక్షణం అదొక్కటే.

భారత్‌లో ఎంపిక ఇంత విశాలంగా లేదు. లైసెన్స్ జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తారు, కోల్‌కతాలో అయితే పోలీస్ కమిషనర్. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. దిగుమతులు పేరున్న షూటింగ్ క్రీడాకారులకే పరిమితం కావడంతో, దశాబ్దాల కిందటి విదేశీ రైఫిళ్లు చేతులు మారుతూ కొత్తవాటికంటే ఎక్కువ ధర పలుకుతాయి. ఇషాపూర్ .315తో పాటు పౌరుల కోసం .30-06 రైఫిల్ కూడా చేసింది. 2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టాక ఇషాపూర్, కాశీపూర్ రెండూ కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వెళ్లాయి. అప్పటిదాకా దేశం మొత్తం ఆయుధ కర్మాగారాల ముఖ్య కార్యాలయం కోల్‌కతాలోనే ఉండేది.

పంటను కాపాడే తుపాకి

చట్టంలో గురి సంగతి అసలు పట్టించుకోని చోటు పంట రక్షణ. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ప్రత్యేక పరిస్థితుల్లో జంతువును చంపడానికి అనుమతి ఇవ్వవచ్చు. 62వ సెక్షన్ కింద కేంద్రం కొన్ని జంతువులను నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలానికి హానికర జంతువులుగా ప్రకటించవచ్చు. 2015 డిసెంబర్‌లో బీహార్‌లోని కొన్ని జిల్లాల్లో మనుబోతు, అడవిపంది విషయంలో ఏడాదికి అలాంటి ప్రకటన వచ్చింది. 2016 జూన్‌లో మొకామా ప్రాంతానికి హైదరాబాద్ నుంచి షూటర్లను పిలిపించారు. కొద్ది రోజుల్లో రెండు వందలకు పైగా మనుబోతులను చంపారు. కేంద్ర మంత్రులు మేనకా గాంధీ, ప్రకాశ్ జావడేకర్ బహిరంగంగానే విభేదించుకున్నది ఈ విషయం మీదే.

చంపాలా వద్దా అన్నది ఒక వాదన. చంపడానికి అనుమతి ఇచ్చాక దేనితో చంపాలన్నది దానికంటే తక్కువగా చర్చకు వచ్చే రెండో ప్రశ్న. పెద్ద మగ మనుబోతు రెండు వందల కిలోలు దాటుతుంది. ఆయుధాల చట్టం 13వ సెక్షన్ నిజమైన పంట రక్షణకు రైతుకు ఇవ్వమంటున్నది మూతిలోంచి మందు కూరే తుపాకి. అది చాలదని లైసెన్స్ అధికారి భావిస్తే ఇంకేదైనా నున్నటి గొట్టం తుపాకి. లోపల మెలికలు లేని గొట్టంలోంచి వెళ్లే గుండు యాభై, అరవై మీటర్లు దాటితే ఎటు పోతుందో కాల్చినవాడికే తెలియదు. శాంతిభద్రతల దృష్టితో రైతు చేతికి రైఫిల్ ఇవ్వకూడదన్నది అర్థమయ్యే మాటే, 1907 నాటి భయం దగ్గరి చుట్టమే. దాని ఫలితం మాత్రం కుంటుతూ పొలాల్లో తిరిగే అడవిపంది, మనుబోతు. గాయపడ్డ పంది మనిషి మీదికి వస్తుంది కూడా. చంపక తప్పదని ప్రభుత్వం నిర్ణయించిన చోట, శిక్షణ పొందిన మనిషి, విచ్చుకునే బుల్లెట్, టెలిస్కోప్ ఉన్న బోల్ట్ రైఫిల్ తప్పనిసరి చేయడం కనీస బాధ్యత. అనుమతి పత్రంలో జంతువు పేరు, గడువుతో పాటు తూటా పేరు, బుల్లెట్ రకం కూడా రాస్తే చాలు.

టెక్సాస్‌లో చుక్కల దుప్పి

అమెరికాలోని తెలుగువారికి ఒక విచిత్రమైన విషయం ఎదురవుతుంది. తెలంగాణ రాష్ట్ర జంతువును అక్కడ ఏడాది పొడవునా చట్టబద్ధంగా వేటాడవచ్చు. 1932లో టెక్సాస్‌కు తెచ్చిన చుక్కల దుప్పులు అక్కడి కొండప్రాంతంలో విస్తారంగా పెరిగాయి. స్థానిక జాతి కాదు కాబట్టి వాటికి వేట సీజన్ అంటూ లేదు, హంటింగ్ లైసెన్స్, స్థల యజమాని అనుమతి ఉంటే చాలు. హవాయిలో 1868లో హాంకాంగ్ మీదుగా వచ్చిన ఇవే దుప్పులు మొలాకై, మావి దీవుల్లో అడవిని మేసేస్తుంటే ప్రభుత్వమే సంఖ్య తగ్గించే పనిలో ఉంది.

హెచ్-1బి వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అమెరికా ఫెడరల్ చట్టం వాళ్లకు తుపాకి ఉంచుకోవడాన్ని, కొనడాన్ని నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే ఆ నిషేధం నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఆ లైసెన్స్ గడువు ముగిసిన మర్నాడు ఇంట్లో రైఫిల్ ఉంటే అది ఫెడరల్ నేరమయ్యే ప్రమాదం ఉంది, వీసాకూ చిక్కే. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న లేదా ఆ తర్వాత పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. ఇక తూటా విషయంలో రాష్ట్రానికో నియమం. ఒహాయో దుప్పి వేటలో రైఫిల్‌కు 2014 నుంచి అనుమతి ఇచ్చింది కానీ, గుల్ల తిన్నగా, మెడ దగ్గర సన్నబడకుండా ఉండే తూటాలకే. గుండు ఎక్కువ దూరం పోకుండా ఆపడం దాని ఉద్దేశం. పైన చెప్పిన .243, .308, 7×57 అక్కడ దుప్పి మీద పనికిరావు. .350 లెజెండ్ వంటి తూటా పుట్టింది ఇలాంటి నియమాల కోసమే. లండన్ కంపెనీలు ఇండియా నిషేధం కోసం .470 పుట్టించిన వందేళ్లకు పైగా తర్వాత, 2019లో ఒహాయో, మిషిగన్ వంటి రాష్ట్రాల కోసం ఒక అమెరికన్ కంపెనీ చేసిన పని అది.